ఖాళీ బస్సులో కర్చీఫు

“టెస్టింగేగా, ఏముందీ!” అనే మాట మన సాఫ్టువేరు జనం నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కోడు రాసినవాడు హీరో. దాన్ని పరీక్షించేవాడు హీరో వెనకాల తిరిగే ఫ్రెండు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళని టెస్టింగులో వేస్తే, ఇంటికి ఫోన్ చేసి “డెవలప్‌మెంటే నాన్నా” అని చెప్పుకోవడం నేను చెవులారా విన్నాను. ఈ చిన్నచూపు మీద నాకున్న కోపమంతా కక్కితే ఇది ఇవాళ్టికి అయ్యేది కాదు. ఒక్క ముక్క మాత్రం గట్టిగా చెప్తాను. లాకింగు బగ్గుకి రిపేరు రాయడం సులువు. ఆ రిపేరు నిజంగా పనిచేస్తోందని తేల్చడమే అసలు పని. నేను బతుకుతున్నది వైర్‌లెస్ డ్రైవర్ల మీద కాబట్టి ఉదాహరణలన్నీ అక్కణ్ణించే తెస్తాను. కెర్నెలు తెలిసినవాళ్ళు నేరుగా చదువుకోండి, తెలియనివాళ్ళకి బస్సు కథ ఉంది :)

పండగ ముందు రోజు బస్టాండు ఊహించుకోండి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫు పడుతుంది. ఇక ఆ సీటు మనది. లాకంటే అంతే. కర్చీఫుకి సొంతంగా ఏ బలమూ లేదు, అదేమీ సీటుకి కాపలా కాయదు. వచ్చేవాళ్ళంతా దాన్ని చూసి ఆగుతారన్న ఒప్పందమే దాని బలం. ఒక్కడు కర్చీఫు పక్కకి నెట్టి కూర్చున్నాడంటే గొడవే. కెర్నెల్లో లాకులూ ఇంతే. ఒక డేటాని ముట్టుకునే ప్రతి దారీ ఆ లాకు తీసుకోవాలి. పది దారుల్లో తొమ్మిది తీసుకుని ఒకటి తీసుకోకపోతే ఆ తొమ్మిదీ తీసుకున్నా ఒకటే, మానినా ఒకటే.

ఇప్పుడు ఈ కర్చీఫు పద్ధతి పనిచేస్తుందా లేదా అని పరీక్షించే పని మీకు పడిందనుకోండి. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఖాళీ బస్సెక్కి, సీటు మీద కర్చీఫు వేసి, మూడు గంటలు చూసి, “ఎవరూ నా సీటు తీసుకోలేదు, పద్ధతి భేషుగ్గా ఉంది” అని రిపోర్టు రాస్తే నవ్వరా? లాకింగు ప్యాచ్‌ల మీద “పరీక్షించాం, బానే ఉంది” అని వచ్చే రిపోర్టుల్లో చాలా భాగం ఆ ఖాళీ బస్సులో రాసినవే.

ఈ ఖాళీ బస్సు ఒకప్పుడు అక్షరాలా నిజం. 2006 జూన్‌లో లినక్సు 2.6.17 తో పాటు బ్రాడ్‌కామ్ చిప్పుల కోసం బీసీఎం43ఎక్స్‌ఎక్స్ అనే డ్రైవరు కెర్నెల్లోకి వచ్చింది. కంపెనీ ఏ వివరాలూ ఇవ్వకపోతే, కొందరు కంపెనీ మూసిన డ్రైవర్ని విప్పి చూసి ఆ చిప్పు ఎలా పనిచేస్తుందో రాసిపెట్టారు. వేరే కొందరు ఆ రాతలు మాత్రమే చదివి డ్రైవరు రాశారు. అదో మహాయజ్ఞం, ఎప్పుడైనా విడిగా రాయాలి. మన విషయానికొస్తే, అప్పట్లో జనం చేతుల్లో ఉన్న లాప్‌టాపుల్లో చాలా వాటికి ఒకే ప్రాసెసరు, ఒకే కోరు. ఇంటెల్ కోర్ డ్యుయో లాప్‌టాపుల్లోకి రావడం మొదలైందే ఆ ఏడు. ఒకే ప్రాసెసరున్న మెషీను కోసం, ప్రీఎంప్షను లేకుండా కెర్నెలు కట్టుకుంటే స్పిన్‌లాకు అసలు ఉండనే ఉండదు. కంపైలరు దాన్ని దాదాపు శూన్యంగా మార్చేస్తుంది. ఇంటరప్టులు ఆపే రకమైతే ఆ ఆపడం మాత్రం మిగులుతుంది, లాకు మాయం. అలాంటి మెషీను మీద స్పిన్‌లాకు ప్యాచ్ పరీక్షించి “బానే ఉంది” అన్నాడంటే, లేని కర్చీఫుకి సర్టిఫికెట్టు ఇచ్చినట్టు.

ఇప్పుడు ఫోనుల్లోనే ఎనిమిది కోర్లున్నాయిగా అంటారేమో. కోర్లుంటే సరిపోదు, రెండు కోర్లూ ఒకే క్షణాన ఒకే సీటు కోసం పరిగెత్తాలి. అలా పరిగెత్తించే బాధ్యత పరీక్షించేవాడిది.

అసలు వైర్‌లెస్ డ్రైవర్లోనే ఈ గోల ఎందుకెక్కువ? వైరున్న కార్డుకి పాకెట్టు పంపడం, తీసుకోవడం తప్ప పెద్దగా సంసారం ఉండదు. వైర్‌లెస్ అలా కాదు. చుట్టుపక్కల ఎవరున్నారో స్కాన్ చెయ్యాలి, కనెక్టవ్వాలి, మధ్యమధ్య కీలు మార్చుకోవాలి, మనిషి నడుస్తుంటే ఒక ఏక్సెస్ పాయింటు వదిలి ఇంకోటి పట్టుకోవాలి, బ్యాటరీ కోసం కునుకు తియ్యాలి, చిప్పు వేడెక్కితే రేడియోని మళ్ళీ సరిచేసుకోవాలి. ఈ మధ్యలో ఎవరో రేడియో ఆఫ్ చేసే మీట నొక్కుతారు. వీటిలో కొన్ని వాడేవాడి కమాండు వల్ల మొదలవుతాయి, కొన్ని టైమరు వల్ల, కొన్ని ఇంటరప్టు వల్ల. అన్నిటికీ కావలసిన సీటు ఒక్కటే, ఆ చిప్పు.

పైగా ఎక్కడ నిద్రపోవచ్చు, ఎక్కడ పోకూడదు అనే మడి ఒకటి. పీసీఐ కార్డయితే రిజిస్టరు చదవడమంటే మెమరీ చదివినట్టే, తక్షణం అయిపోతుంది. యూఎస్‌బీ, ఎస్‌డీఐఓ మీద కూర్చున్న చిప్పులకి మెసేజీ పంపి జవాబు కోసం ఆగాలి. ఆగడమంటే కెర్నెలు భాషలో నిద్ర. స్పిన్‌లాకు పట్టుకుని నిద్రపోకూడదు కాబట్టి అక్కడ మ్యూటెక్సు వాడతారు. కానీ పాకెట్టు పంపమని పైనుంచి పిలుపొచ్చే ఫంక్షన్లో నిద్ర నిషిద్ధం, అక్కడ మ్యూటెక్సు పనికిరాదు. అందుకని ఆ పనిని ఒక వర్క్‌క్యూలో పడేసి “తర్వాత చేస్తా” అంటారు. ఆ తర్వాత ఎప్పుడు, అప్పటికి ఇంటర్‌ఫేసు బతికి ఉందా లేదా అనే దగ్గరే సగం బగ్గులు పుడతాయి.

ఇక కథలోకి. 2019లో ఒక గోదాము నుంచి మా టీముకి ఫిర్యాదొచ్చింది. అక్కడ పనివాళ్ళ చేతుల్లో బార్‌కోడు చదివే యంత్రాలుంటాయి, లోపల లినక్సు, ఎస్‌డీఐఓ మీద వైర్‌లెస్ చిప్పు. రోజూ కొన్ని యంత్రాలు నెట్‌వర్కు పోయి బిగుసుకుపోతున్నాయట. స్క్రీను కదులుతుంది, బటన్లు పనిచేస్తాయి, నెట్‌వర్కుకి సంబంధించిన ఏ కమాండు ఇచ్చినా తిరిగి రాదు. రీబూటే గతి.

కారణం లాగుల్లో దొరికింది. పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ డెడ్‌లాకు. డ్రైవర్లో 15 సెకన్లకోసారి నడిచే ఒక పని ఉంది. అది వేడి చూసి రేడియోని సవరిస్తుంది, ఆ కాసేపూ డ్రైవరు మ్యూటెక్సు పట్టుకుంటుంది. యంత్రం నిద్రలోకి వెళ్ళేటప్పుడు ఇంటర్‌ఫేసుని ఆపే ఫంక్షను నడుస్తుంది. అదీ అదే మ్యూటెక్సు పట్టుకుని, “ఆ 15 సెకన్ల పని ఇప్పుడు నడుస్తుంటే అయిపోయేదాకా ఆగుతా” అంటుంది. పనేమో మ్యూటెక్సు కోసం ఆగి ఉంది. నాగలి ఒకడి దగ్గర, ఎద్దులు ఇంకొకడి దగ్గర, ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. పైపెచ్చు ఇంటర్‌ఫేసుని ఆపే దారిలో నెట్‌వర్కు మొత్తానికి ఉండే ఆర్టీఎన్ఎల్ అనే పెద్ద లాకు కూడా చేతిలో ఉంటుంది. అందుకే వైర్‌లెస్‌తో సంబంధంలేని నెట్‌వర్కు కమాండ్లు కూడా బిగుసుకునేవి. 120 సెకన్లు దాటాక కెర్నెలు “ఈ టాస్కు కదలడం లేదు” అని లాగులో ఏడుస్తుంది, అప్పటికి వాడేవాడు బ్యాటరీ పీకేసి ఉంటాడు.

ప్యాచ్ ఒక సీనియరు ఒక మధ్యాహ్నంలో రాసేశాడు. ఆపేటప్పుడు ముందు ఆ పనిని రద్దు చేసి, తర్వాతే మ్యూటెక్సు తీసుకోవాలి. రద్దయిన పని మళ్ళీ తనని తాను క్యూలో వేసుకోకుండా, ఆగిపోతున్న చిప్పుని ఎవరూ కెలక్కుండా ఒక జెండా. ఆ జెండాని చూసే ప్రతి చోటా మ్యూటెక్సు. చదివితే ముచ్చటగా ఉంది. పరీక్షించే పని మా టీములో ఏడాది కూడా నిండని ఒక వరంగల్ కుర్రాడికి పడింది. శుక్రవారం రిలీజు. సోమవారం మొదలుపెట్టి గురువారం పొద్దున వచ్చాడు.

“అన్నా, మూడ్రోజులు మంచిగ నడిచింది. టెస్టెడ్ అని రాసెయ్యాల్నా?”

“ఏం నడిచింది తమ్ముడూ?”

“పింగ్ నడిచిందన్నా. ఒక్కటి గూడ పోలే.”

పింగ్ పోకపోవడం మంచిదే. కానీ పింగ్ పాకెట్లు వెళ్ళే దారికీ, ఇంటర్‌ఫేసు ఆపే దారికీ సంబంధం లేదు. పింగ్ ఆగకుండా పోతోందంటే యంత్రం ఒక్కసారి కూడా నిద్రపోలేదన్నమాట. “పాత కోడుతో కూడా మూడు రోజులు పింగ్ నడుస్తుందిగా?” అంటే వాడికి వెంటనే వెలిగింది. పాపం, పరీక్ష ఇలా చెయ్యమని వాడికిచ్చిన కాగితం మీదే “పింగ్, 72 గంటలు” అని ఉంది. ఆ కాగితం అన్ని ప్యాచ్‌లకీ ఒకటే.

కాగితం పక్కన పెట్టి ఒక లెక్క వేశాం. ఆపే ఫంక్షను మ్యూటెక్సు పట్టుకున్నాక, ఆ 15 సెకన్ల పని కోసం ఆగేలోపు గడిచేది సుమారు 20 మిల్లీసెకన్లు. అంటే 15,000 లో 20. మీరు ఏ క్షణాన నిద్రపుచ్చినా సరిగ్గా దాని మీద పడే అవకాశం 750 లో ఒకటి. వందసార్లు ఆపి చూసినా ఒక్కసారైనా బిగుసుకునే అవకాశం పన్నెండు శాతమే. నూటికి తొంభై అయిదు పాళ్ళు నమ్మకం కావాలంటే 2,250 సార్లు ఆపాలి. అదే గోదాములో అయితే? నాలుగొందల యంత్రాలు, ఒక్కోటీ రోజుకి యాభైసార్లు కునుకు తీస్తుందనుకోండి, మొత్తం 20,000 నిద్రలు, రోజుకి పాతిక పైగా బిగుసుకోవడాలు. లాబులో కనపడని బగ్గు కస్టమరు దగ్గర రోజూ ఎందుకు కనపడుతుందో దీనికి మించి వివరణ అక్కర్లేదు. వాళ్ళ బస్సు పండగ బస్సు.

సరే, 2,250 సార్లే కదా, స్క్రిప్టు రాసి రాత్రంతా వదిలేద్దాం అన్నాడు. ఇంటర్‌ఫేసు లేపడం, కనెక్టయ్యేదాకా ఆగడం, పడుకోబెట్టడం, మొత్తం నాలుగు సెకన్లు. రెండున్నర గంటల్లో అయిపోతుంది. ఇక్కడ నేను పెట్టిన షరతు ఒక్కటే: ముందు పాత కోడు మీద నడుపు. పాత కోడు పగలకపోతే, కొత్త కోడు పగల్లేదన్న మాటకి విలువ లేదు. నా దృష్టిలో లాకింగు టెస్టింగులో మొదటి మెట్టు ఇదే, జనం ఎక్కువగా ఎగ్గొట్టేదీ ఇదే.

పాత కోడు పగల్లేదు. రాత్రంతా నడిచింది, వేలసార్లు లేచింది, పడుకుంది, ఒక్కసారి బిగుసుకోలేదు!

కారణం వాడే పట్టాడు, ఎవరూ చెప్పలేదు. ఆ 15 సెకన్ల పని మొదటిసారి నడిచేది ఇంటర్‌ఫేసు లేచిన 15 సెకన్లకి. స్క్రిప్టు నాలుగో సెకనుకే పడుకోబెడుతోంది. రాత్రంతా ఆ పని ఒక్కసారి కూడా నడవనే లేదు. ఖాళీ బస్సు కూడా కాదు, డిపోలో తాళం వేసిన బస్సు. వాడు స్క్రిప్టు మార్చాడు. లేపాక 14.9 నుంచి 15.1 సెకన్ల మధ్య ఏదో ఒక క్షణం, ప్రతిసారీ వేరుగా, అప్పుడు ఆపడం. 200 మిల్లీసెకన్ల కిటికీలో 20 మిల్లీసెకన్ల గురి, పదిలో ఒక వంతు. పాత కోడు ఏడోసారికే బిగుసుకుంది. రీబూటు చేసి మళ్ళీ నడిపితే పన్నెండోసారికి, ఆ తర్వాత మూడోసారికి. 2,250 బదులు ముప్పైసార్లు చాలు. కొత్త కోడుని మూడొందలసార్లు నడిపాడు. బిగుసుకోలేదు. ఇప్పుడు ఆ “బిగుసుకోలేదు” అన్న మాటకి విలువుంది.

ఒక పక్క మాట. ఇలాంటి బగ్గులు వెతికేటప్పుడు కోడు నిండా ప్రింటు లైన్లు పెట్టేస్తారు చాలామంది. సీరియల్ కన్సోలు 1,15,200 వేగంతో ఉంటే సెకనుకి పదకొండున్నర వేల అక్షరాలు. ఎనభై అక్షరాల లైనుకి ఏడు మిల్లీసెకన్లు. మీరు వెతుకుతున్న కిటికీయే 20 మిల్లీసెకన్లయినప్పుడు, దాని గుమ్మంలో ఏడు మిల్లీసెకన్ల మనిషిని నిలబెడితే దొంగ ఆ దారిన రాడు. “ప్రింటు పెడితే బగ్గు పోతోంది సార్” అనేది అందుకే. ట్రేసు బఫరులో రాసుకోండి, మెమరీలోనే ఉంటుంది, ఖర్చు చాలా తక్కువ. దీనికి తిరగేసి ఇంకో ఉపాయం: కావాలనే, పరీక్ష కోసం మాత్రమే, లాకు పట్టుకున్న చోట ఒక నిద్ర పెట్టి కిటికీని పెద్దది చెయ్యడం. ఇది తర్వాత పనికొచ్చింది, చెప్తాను.

ఇంతకీ లాక్‌డెప్ లేదా అని కెర్నెలు జనం ఇప్పటికే విసుక్కుంటూ ఉంటారు. ఉంది. ఇంగో మోల్నార్ రాసిన ఈ సాధనం 2006 సెప్టెంబరులో 2.6.18 తో కెర్నెల్లోకి వచ్చింది. నన్నడిగితే లాకింగు టెస్టింగు చరిత్ర లాక్‌డెప్‌కి ముందు, తర్వాత అని రెండు భాగాలు. దాని గొప్పతనం ఏంటంటే, బిగుసుకోవడం నిజంగా జరగక్కర్లేదు. పొద్దున ఎప్పుడో ఎవరో ముందు నాగలి, తర్వాత ఎద్దులు తీసుకున్నారు. సాయంత్రం ఇంకెవరో ముందు ఎద్దులు, తర్వాత నాగలి తీసుకున్నారు. ఇద్దరూ ఎదురుపడలేదు, అయినా “వీళ్ళు ఎదురుపడితే చస్తారు” అని వెంటనే చెప్తుంది. వర్క్‌క్యూలో పని అయ్యేదాకా ఆగడాన్ని కూడా లాకులాగే లెక్కేసుకుంటుంది. అంటే పాచికల ఆట కాస్తా “ప్రతి దారీ ఒక్కసారి నడిచిందా” అనే ప్రశ్నగా మారిపోతుంది.

మరి మా కెర్నెల్లో లాక్‌డెప్ ఉండగా ఆ డెడ్‌లాకు అంతకుముందే ఎందుకు పట్టుబడలేదు? కుర్రాడు బూటు లాగు మొదటి నుంచీ చదివాడు. మొదటి నిమిషంలోనే ఒక లైను: కెర్నెలు మైలపడింది కాబట్టి లాకుల నిఘా ఆపేస్తున్నాను అని. గ్రాఫిక్సు కోసం ఎవరో ఇచ్చిన మూసిన మాడ్యూలు లోడవుతోంది. అలాంటిది ఎక్కగానే లాక్‌డెప్ తనంతట తాను తప్పుకుంటుంది, ఇక నా మాట నమ్మొద్దు అని. ఏడాదిగా ఆ లాబులో లాక్‌డెప్ ఉందనే అనుకుంటున్నారు అందరూ. వాచ్‌మన్ డ్యూటీలోనే ఉన్నాడు, నిద్రలో ఉన్నాడు. ఇంకో సంగతి కూడా ఉంది. లాక్‌డెప్ మొదటి ఫిర్యాదు చేశాక ఆగిపోతుంది, రెండోది చెప్పదు. బూటులో వేరే డ్రైవరు గురించి ఒక ఫిర్యాదొస్తే, “అది మనది కాదులే” అని మీరు వదిలేస్తే, ఆ తర్వాత మీ పరీక్షంతా గుడ్డిదే. ప్రాక్‌లో లాక్‌డెప్ స్టాట్స్ ఫైలు చూడండి, డీబగ్ లాక్స్ ఎదురుగా 1 ఉంటే మెలకువగా ఉన్నట్టు, 0 ఉంటే లేదు. పరీక్ష మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూడాలి. అయిదు సెకన్ల పని.

గ్రాఫిక్సు మాడ్యూలు తీసేసి, స్క్రీను లేకుండా సీరియల్ కేబులుతో పాత కోడు నడిపాడు. లేపాడు, ఇరవై సెకన్లు ఆగాడు, ఆపాడు. ఒక్కసారి. లాక్‌డెప్ పేజీడు రిపోర్టు ఇచ్చింది. కొత్త కోడు మీద మౌనం. “అయిపోయినట్టేనా అన్నా?” అంటే, నాకూ అయిపోయినట్టే అనిపించింది. మానేజరుగారు అప్పటికి రెండుసార్లు మా సీట్ల దగ్గరకొచ్చి వెళ్ళారు.

కుర్రాడు సంతకం పెట్టలేదు. మూడొందలసార్ల లాగులో “కమాండుకి జవాబు రాలేదు, టైమౌటు” అనే లైను నాలుగుసార్లు కనపడింది వాడికి. మూడు సెకన్లు ఆగి, మళ్ళీ ప్రయత్నించి, డ్రైవరు ముందుకెళ్ళిపోయింది. అందరూ ఒకటే అన్నారు, ఆ ఫర్మ్‌వేరు ఎప్పుడూ అంతే. చిప్పు కంపెనీ మీద తోసెయ్యడం మా ఫీల్డులో ఆచారం. వీడు మాత్రం పాత కోడు లాగులన్నీ తిరగేసి వచ్చాడు. “పాత దాంట్ల ఒక్కటి లేదన్నా. కొత్త దాంట్లనే వస్తున్నది.”

వాడు చెప్పింది నిజం. ఫర్మ్‌వేరు పంపే సమాచారాలన్నీ ఒకే వరసలో నిలబడతాయి, ఒక పని వాటిని ఒక్కొక్కటిగా తీసి చూస్తుంది. స్కాను అయిపోయిందన్న కబురూ ఆ వరసలోనే, కమాండుకి జవాబూ ఆ వరసలోనే. కొత్త ప్యాచ్ వల్ల స్కాను కబురు చూసే చోట కూడా మ్యూటెక్సు వచ్చి చేరింది, జెండా చూడ్డానికి. ఇప్పుడు ఒకడు మ్యూటెక్సు పట్టుకుని కమాండు పంపి జవాబు కోసం ఆగాడు. అదే క్షణాన స్కాను కబురు వరసలో ముందొచ్చింది. దాన్ని చూడాలంటే మ్యూటెక్సు కావాలి, అది వాడి చేతిలో ఉంది. వాడికి కావలసిన జవాబు ఆ కబురు వెనకాల నిలబడి ఉంది. ఇదీ డెడ్‌లాకే, మూడు సెకన్ల టైమౌటు ఉంది కాబట్టి చావకుండా బయటపడుతోంది. లాక్‌డెప్ దీన్ని చూడలేదు. జవాబు కోసం ఆగడానికి వాడేది కంప్లీషను, లాకు కాదు. అలాంటి ఆగడాలు దాని లెక్కలోకి రావు. అసలు లాకే తీసుకోకుండా డేటా ముట్టుకునేవాళ్ళూ దాని లెక్కలోకి రారు. వాళ్ళ కోసం కేసీశాన్ అనే ఇంకో సాధనం తర్వాత 2020లో, 5.8 తో వచ్చింది.

అంటే బిగుసుకునే జబ్బు పోయి, మూడు సెకన్లు మూర్ఛపోయే జబ్బు వచ్చింది. “బిగుసుకుందా లేదా” అని మాత్రమే చూసే పరీక్షకి ఇది కనపడదు. గోదాములో మనిషి బార్‌కోడు నొక్కి మూడు సెకన్లు చూస్తూ నిలబడతాడు, తిట్టుకుంటాడు, అంతే. ఫిర్యాదు కూడా రాయడు.

ముందు చెప్పిన ఉపాయం ఇక్కడ వాడాడు. మ్యూటెక్సు పట్టుకున్నాక, కమాండు పంపే ముందు 200 మిల్లీసెకన్ల నిద్ర పెట్టాడు. మూడొందలకి నాలుగుసార్లు వచ్చేది ఇంచుమించు ప్రతిసారీ రావడం మొదలైంది. ఇక వాదించడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. ప్యాచ్ రాసిన సీనియరు (మంచివాడు, అహం లేనివాడు, అందరూ అలా ఉండరు) కమాండు జవాబుల్ని ఆ వరసలోంచి తప్పించి, వచ్చిన చోటే చూసేలా మార్చాడు. కంప్లీషను లేపడానికి నిద్రపోనక్కర్లేదు కాబట్టి ఎక్కణ్ణించైనా లేపొచ్చు. మళ్ళీ మూడొందలసార్లు లాక్‌డెప్‌తో, మూడొందలసార్లు లాక్‌డెప్ లేకుండా. లాక్‌డెప్ ఉంటే అన్నీ నెమ్మదిస్తాయి, అసలు వేగంలో దొరికేవి అందులో దొరక్కపోవచ్చు.

శుక్రవారం పోయింది, ఇంకో వారం పోయింది. మానేజరుగారి ముఖం నేను వర్ణించను. ఆ ఏడాది అప్రైజల్లో కుర్రాడి ఫారంలో “రాసిన కోడు” అనే గడిలో ఈ ఎనిమిది పని రోజులకి సున్నా. నేను వెళ్ళి మాట్లాడితే, “టెస్టింగుకి అంత టైమెందుకు పట్టిందని పైన అడుగుతున్నారు” అన్నారు. కస్టమరు దగ్గర రోజుకి పాతిక యంత్రాలు రీబూటవుతుంటే పైన ఎవరూ అడగలేదు!

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. లాకుల ప్యాచ్‌ని పరీక్షించడం ఇంత కష్టమైతే, పరీక్షించడానికి వీలయ్యేంత తక్కువ లాకులు పెట్టుకోవడమే తెలివి. లినక్సు కథే చూడండి. 1996లో 2.0 తో ఒకటికంటే ఎక్కువ ప్రాసెసర్లొచ్చినప్పుడు కెర్నెలు మొత్తానికి ఒకే పెద్ద తాళం. దాన్ని ముక్కలు ముక్కలు చేసుకుంటూ 2011లో 2.6.39 నాటికి పూర్తిగా తీసేశారు. చిన్న లాకులంటే వేగం, వేగమంటే గొప్ప. వైర్‌లెస్‌లోనూ అలాగే పెరిగాయి: స్కానుకొకటి, స్టేషన్లకొకటి, కీలకొకటి, చానళ్ళకొకటి. ఏది ముందు ఏది తర్వాత అని గుర్తుపెట్టుకోవడానికే ఒక పురోహితుడు కావాలి. తర్వాత చక్రం వెనక్కి తిరిగింది. 2021లో 5.12 తో, డ్రైవర్లని పిలిచేటప్పుడు ఆర్టీఎన్ఎల్ పట్టుకునే అవసరం చాలావరకు తప్పించి, ఒక్కో వైర్‌లెస్ పరికరానికి ఒక సొంత మ్యూటెక్సు ఇచ్చారు. 2024 జనవరిలో వచ్చిన 6.7 లో మాక్80211 లోపలి ఆ చిన్నచిన్న మ్యూటెక్సుల్లో చాలావాటిని పీకేసి ఈ ఒక్కదాని కిందకే తెచ్చారు. వర్క్‌క్యూ పనులు కూడా ఆ మ్యూటెక్సు పట్టుకునే నడిచేలా ఒక ఏర్పాటు అంతకుముందే, 6.5 లో వచ్చింది. మా గోదాము డెడ్‌లాకు లాంటివి పుట్టే చోటు దాంతో సగం మూసుకుపోతుంది.

కొందరికి ఇది వెనకడుగులా అనిపించింది. నాకలా అనిపించలేదు. సెకనుకి లక్ష పాకెట్లు వెళ్ళే దారిలో చిన్న లాకులు, ఆర్‌సీయూ విన్యాసాలు ఉండాల్సిందే. కానీ స్కాను, కనెక్షను, ఆపడం రోజుకి కొన్ని వందలసార్లు జరిగే పనులు. వాటికి వేగమెందుకు? ఒకే తాళం ఉంటే తాళాల వరస తప్పే ప్రశ్నే లేదు, మా కుర్రాడు చూడాల్సిన దారులూ తగ్గుతాయి.

కెర్నెలు పద్ధతిలో పరీక్షించినవాడి పేరు ప్యాచ్ కిందే పడుతుంది, రాసినవాడి పేరు పక్కనే. దాని అర్థం ఏంటంటే, ఈ మనిషి ఏదో ఒక వాతావరణంలో దీన్ని విజయవంతంగా పరీక్షించాడు అని. ఆ “ఏదో ఒక వాతావరణం” ఏమిటో రాయకపోతే ఆ పేరుకి బరువు లేదు. మా కంపెనీలోనూ అదే పద్ధతి పెట్టుకున్నాం, కుర్రాడు తన పేరు కింద పన్నెండు లైన్లు రాశాడు. ఎన్ని కోర్లు, ప్రీఎంప్షను ఉందా లేదా, లాక్‌డెప్ మొదట్లోనూ చివర్లోనూ మెలకువగా ఉందా, పాత కోడు ఎన్నోసారికి పగిలింది, ఏ చోట నిద్ర పెట్టి చూశాడు. చివరి లైను ఇది: గ్రూపు కీ మారుతున్న క్షణంలో ఆపడం పరీక్షించలేదు, కీ మార్చే వ్యవధిని నిమిషం లోపుకి తగ్గించగల ఏక్సెస్ పాయింటు మా లాబులో లేదు.

కస్టమరుకి వెళ్ళే కాగితంలో ఆ చివరి లైను బాగోదని, తీసెయ్యమని అడిగారు. వాడు తియ్యలేదు. “తీసేస్తే నా పేరు గూడ తీసెయ్యుండ్రి సార్” అన్నాడు, మెల్లగానే. రెండు రోజులు ఆ కాగితం ఎవరి టేబులు మీదా కదల్లేదు. మూడో రోజు, కొనుగోళ్ళవాళ్ళకి ఒక ఏక్సెస్ పాయింటు కోసం అర్జీ వెళ్ళింది.